పోరంబోకులో పాట

ఒక స్పీకరుకి ఒక యాంప్లిఫయర్ చాలదన్న సంగతి నాకు రిటైరయ్యాక గాని తెలియలేదు. అప్పటిదాకా ఉన్న ఒక్క యాంప్లిఫయర్‌తోనే పాటలు విని, పాట అంటే ఇంతే కాబోలనుకుని హాయిగా నిద్రపోయేవాణ్ణి.

నా కళ్లు తెరిపించింది ఫోన్లో ఉన్న ఒక శ్రోతల గ్రూపు. శ్రోతలంటే అందులో పాటల గురించి మాట్లాడతారనుకునేరు. వైర్ల గురించి మాట్లాడతారు. వాళ్లు చెప్పేదేమిటంటే, మంచి స్పీకరు వెనకాల వైర్లు బిగించడానికి రెండు జతల మరలుంటాయి. పై జత సన్నటి స్వరాలు పలికే చిన్న గుండ్రానికి. కింది జత బరువైన స్వరాలు పలికే పెద్ద గుండ్రానికి. ఈ రెండు జతల్నీ కలుపుతూ ఇత్తడి రేకులుంటాయి. ఆ రేకులు పీకేసి, పైదానికో యాంప్లిఫయర్, కిందిదానికో యాంప్లిఫయర్ విడివిడిగా తగిలిస్తే పాట విచ్చుకుని, పాడే మనిషి మన సోఫాలో వచ్చి కూర్చున్నట్టుంటుందట. మా సోఫాలో ఎప్పుడూ ఇస్త్రీకి వెయ్యాల్సిన బట్టలుంటాయి. అయినా నాకు ఆశ పుట్టింది.

ఆశకి కారణం మా ఆవిడ వకుళ. పెళ్లికి ముందు వకుళ రేడియోలో ఒకే ఒక్కసారి పాడింది. లలిత గీతం, వానాకాలంలో పడవ మీద వెళ్లే మనిషి గురించి. నేరుగా ప్రసారం కావడంతో తను పాడింది తనే వినలేదు. ఆ తరవాత పెళ్లి, పిల్లలు, బదిలీలు, వాటి మధ్య పాట ఎక్కడ ఆగిపోయిందో ఎవరం చూసుకోలేదు. మొన్నటికి మొన్న ఆవిడ పాత స్నేహితురాలు ఎక్కడినుంచో ఆ రికార్డింగు సంపాదించి పెన్‌డ్రైవులో వేసి పంపింది. ఫోన్లో విందువు గాని రమ్మన్నాను. వకుళ ఒప్పుకోలేదు. ఫోన్లో వింటే తను పాడినట్టుండదు, దోమ పాడినట్టుంటుందంది. వచ్చే ఆదివారం తన అరవయ్యో పుట్టినరోజు, తెనాలి నుంచి తన చెల్లెళ్లిద్దరూ వస్తున్నారు, అప్పుడు పెద్ద స్పీకర్లలో పెట్టండి, అందరం వింటాం అంది. పెళ్లయినప్పటినుంచి ఆవిడ నన్ను నోరు తెరిచి అడిగిన కోరికలు తక్కువ. అందుకని ఇది ఘనంగా చెయ్యాలనుకున్నాను. మగవాడు ఘనంగా చెయ్యాలనుకుంటే ఏదో ఒకటి కొంటాడు. నేను రెండో యాంప్లిఫయర్ కొన్నాను. దాంతోపాటు స్వరాల్ని రెండు యాంప్లిఫయర్లకీ పంచిపెట్టే క్రాసోవర్ అనే చిన్న డబ్బా కూడా షాపాయన అంటగట్టాడు. దానికి రెండు మీటలు. కింది స్వరాలు ఎక్కడిదాకా పోవాలో ఒకటి చెబుతుంది, పై స్వరాలు ఎక్కడ మొదలు కావాలో ఇంకొకటి చెబుతుంది.

ఇంతవరకూ తప్పేమీ లేదు. తప్పల్లా మేముండే అపార్ట్‌మెంటులో ఉంది.

ఏలూరులో రిటైరైన రెవెన్యూ ఉద్యోగులంతా కలిసి కట్టుకున్న అపార్ట్‌మెంటు అది. నేను బీమా కంపెనీవాణ్ణి. ఒకాయన పోయాక ఆయన కొడుకు ఫ్లాటు అమ్ముతుంటే కొనుక్కుని వాళ్ల మధ్య దూరాను. మిగతావాళ్లంతా తహసీల్దార్లు, డిప్యూటీ తహసీల్దార్లు, సర్వేయర్లు. మా సంఘం అధ్యక్షులు పానకాలరావు గారు రిటైర్డ్ తహసీల్దారు. పై ట్యాంకులో నీళ్లయిపోతే ఆయన మోటారు వెయ్యమనరు, ముందు అపార్ట్‌మెంటుని కరువు ప్రాంతంగా ప్రకటిస్తారు. లిఫ్టులో ఇరుక్కున్న మనిషిని బయటికి తియ్యడానికి ముందు ఏ అంతస్తు పరిధిలో ఇరుక్కున్నాడో తేలుస్తారు. మనిషి మంచివారే. ఇంట్లోకి కొత్తగా ఏ కరెంటు యంత్రం వచ్చినా ఆయన చూసి ఆమోదించాలన్నది సంఘం నియమం. కాదంటే ఆ ఫ్లాటుకి నీళ్లు ఆపేస్తారు. నీళ్లు ఆపేశాక ఎంతటి వాదన చేసేవాడైనా రెండో పూటకి లొంగిపోతాడు.

యాంప్లిఫయర్ లిఫ్టెక్కడం చూసిన వాచ్‌మన్ ఆయనకి కబురందించాడు. పానకాలరావు గారు సాయంత్రం మా ఇంటికొచ్చి, వకుళ ఇచ్చిన కాఫీ తాగి, స్పీకరు వెనక్కి వంగి చూశారు. నేను అప్పటికే రేకులు పీకేసి బల్ల మీద పెట్టాను. రెండు స్పీకర్లకి కలిపి నాలుగు రేకులు.

ఇవేమిటని అడిగారు. పైభాగాన్నీ కిందిభాగాన్నీ కలిపి ఉంచేవని, వాటిని తీసేస్తే రెండూ విడిపోతాయని ఎంతో ఉత్సాహంగా చెప్పాను. ఆయన మొహంలో ఒక వెలుగు వచ్చింది. రిటైరయ్యాక అలాంటి వెలుగు ఆ మొహంలో నేను చూడలేదు.

“అంటే కామేశం గారూ, ఇన్నాళ్లూ ఇది ఉమ్మడి. తమరు ఇప్పుడు విభజన చేసుకున్నారు.”

అలాగే అనుకోవచ్చన్నాను. నేను నా జీవితంలో ఇంతకన్నా తెలివితక్కువ మాట అనలేదు.

నోటీసు లేకుండా, సర్వే లేకుండా, పక్కవాళ్ల అభ్యంతరాలు పిలవకుండా విభజన ఎలా చేస్తారని ఆయన అడిగారు. నా స్పీకరు నేను విడదీసుకుంటే పక్కవాళ్లకేమిటన్నాను. శబ్దం గోడ దాటుతుందా దాటదా అన్నారు. దాటుతుందన్నాను. గోడ దాటేది ఏదైనా సంఘం పరిధిలోకి వస్తుందని, సదరు రేకులు హద్దురాళ్ల కిందికి వస్తాయని, హద్దురాళ్లు పీకడం ఎంత నేరమో తాను చెప్పనక్కర్లేదని అంటూ నాలుగు రేకులూ జేబురుమాల్లో మూటకట్టి తీసుకుపోయారు.

మర్నాడు సర్వే జరిగింది. సర్వే చెయ్యడానికి రెండో అంతస్తులో ఉండే ఇమ్మానుయేలు గారు వచ్చారు. జిల్లాలో సగం గట్లు ఆయన కొలిచినవే. ఆయన టేపు పట్టుకుని వచ్చి, స్పీకరు ముందు మఠం వేసుక్కూర్చుని, పై స్వరాలకి నాలుగు హద్దులు చెప్పమన్నారు. స్వరానికి తూర్పు పడమరలుండవన్నాను. హద్దుల్లేని ఆస్తి లేదన్నారు. చివరికి ఎగువ హద్దు కుక్కలకి మాత్రమే వినపడే శబ్దాలని, దిగువ హద్దు కింది స్వరాలని, మిగతా రెండువైపులా మా హాలు గోడలని రాయించాను. ఎగువన ఉన్న కుక్కలు ఎవరివని ఆయన అడిగారు. వీధివని చెప్పాను. అయితే ప్రభుత్వానివి అని రాసుకున్నారు.

చిక్కంతా మధ్య హద్దు దగ్గర వచ్చింది. కింది స్వరాలు ఎక్కడ ఆగి పై స్వరాలు ఎక్కడ మొదలవుతాయో చూపించమన్నారు. ఒకచోట అని ఉండదని, కిందివి మెల్లగా తగ్గుతుంటే పైవి మెల్లగా పెరుగుతాయని, కొంతమేర రెండు గుండ్రాలూ కలిసే పలుకుతాయని వివరించాను. ఇమ్మానుయేలు గారు టేపు మడిచేశారు.

“ఏటవాలు హద్దు నా సర్వీసులో లేదండి. ఇద్దరూ నాది అనేచోట ఎవరిదీ కాదని రాసుకోవాలి.”

ఆ రాత ప్రకారం పార్కింగులో విచారణ పెట్టారు. కారు బయటికి తీయించి, ఆ జాగాలో బల్ల వేసి, దాని మీద ఆకుపచ్చ దుప్పటి పరిచారు. పానకాలరావు గారు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చారు. అభ్యంతరాలుంటే చెప్పమనగానే కింది అంతస్తు ఆదిలక్ష్మి గారు లేచారు. ఆవిడ రిటైర్డ్ డిప్యూటీ తహసీల్దారు. నేను డోలు వాయిద్యం పెట్టినప్పుడల్లా వాళ్ల వంటింట్లో స్టీలు గిన్నెలు మోగుతాయని, మేమొచ్చిన దగ్గర్నుంచి ఆ మోత నిరాటంకంగా ఆవిడ అనుభవంలో ఉందని, కాబట్టి కింది స్వరాల మీద హక్కు ఆవిడదేనని వాదించారు. ఆవిడ ఫిర్యాదు చేస్తున్నారనుకున్నాను. కాదు, నిజంగానే అడుగుతున్నారు. పానకాలరావు గారు కింది స్వరాలకి ఆవిడని అనుభవదారుగా నమోదు చేశారు. ఇకమీదట నేను మృదంగం వినాలంటే ఆవిడ అనుమతి తీసుకోవాలి. పై స్వరాలు ఎవరూ అడగలేదు గనక నా పేరునే ఉంచారు. ఆ విధంగా నాకు గజ్జెలు, తాళాలు, మాటల్లో వచ్చే సకారాలు దక్కాయి.

మిగిలింది మధ్య స్వరాలు. అది ఎవరి పేరా లేని జాగా కాబట్టి పోరంబోకు అని ప్రకటించారు.

నేను లేచి నిలబడ్డాను. మనిషి గొంతంతా ఉండేది సరిగ్గా అక్కడేనని, పాట అంటే అదేనని మనవి చేశాను. పానకాలరావు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“పోరంబోకులో గొంతు ఉంటే అది ఆక్రమణ అవుతుంది కామేశం గారూ. తదుపరి ఉత్తర్వులు వచ్చేవరకు సదరు గొంతుని ఖాళీ చేయించాలి.”

ఖాళీ చేయించడం ఎంత సులువో నాకు తెలియదు గాని ఇమ్మానుయేలు గారికి తెలుసు. మా ఇంటికొచ్చి ఆ క్రాసోవర్ డబ్బా ముందు కూర్చున్నారు. కింది స్వరాల మీటని ఒక చివరికి తిప్పారు, పై స్వరాల మీటని రెండో చివరికి తిప్పారు. మధ్యలో లారీ పట్టేంత ఖాళీ ఏర్పడింది. పానకాలరావు గారు కొవ్వొత్తి వెలిగించి, రెండు మీటల మీదా ఎర్ర లక్క కరిగించి పోసి, వేలి ఉంగరంతో ముద్ర వేశారు. సీలు తీస్తే నీళ్లు ఆగిపోతాయని మర్యాదగా చెప్పి, వెళ్తూ వెళ్తూ పరీక్షగా ఒక పాట పెట్టమన్నారు. పెట్టాను. అడుగున ధబధబ, పైన చకచక, మధ్యలో ఎవరూ లేరు. పల్లకీ మోసేవాళ్లంతా ఉండి పెళ్లికూతురు మాత్రం ఎక్కనట్టుంది. పానకాలరావు గారు తృప్తిగా తలాడించారు.

వాళ్లు వెళ్లాక ఉండబట్టలేక నేను ఆయన ఇంటికి వెళ్లాను. ఆదివారం వకుళ పుట్టినరోజని, ఆవిడ తన పాట తను వినడం అదే మొదటిసారని, ఆ ఒక్క పూటకి గొంతుని ఉండనివ్వమని బతిమాలాను. ఆయన సానుభూతిగా విన్నారు. ఆ గొంతుకి పట్టా లాంటిదేమైనా ఉందా అని అడిగారు. అప్పట్లో రేడియో కేంద్రం వాళ్లు పాడించారన్నాను. అది వేరే జిల్లా, మనకి చెల్లదన్నారు. క్రమబద్ధీకరణకి దరఖాస్తు పెట్టుకుంటే ఉగాది తరవాత జరిగే సర్వసభ్య సమావేశంలో పరిశీలిస్తామన్నారు. పుట్టినరోజుని ఉగాది తరవాతకి మార్చుకునే వీలుందా అని కూడా అడిగారు. నిజంగా సాయం చెయ్యాలనే అడిగారు, అదే నాకు ఏడుపొచ్చిన విషయం.

ఇంటికొచ్చి వకుళకి చెప్పాను. ఆవిడ చిక్కుడుకాయలు తుంచుతూ వింది. పోనీలెండి, ఇన్నాళ్లు వినలేదు, ఇంకొన్నాళ్లు వినకపోతే ఏమైంది అంది. ఆ మాట ఆవిడ మామూలుగానే అంది. కానీ చిక్కుడు ఈనెలు గిన్నెలో, కాయలు చెత్తలో వేస్తోంది.

ఆదివారం వచ్చింది. చెల్లెళ్లిద్దరూ పట్టుచీరలు కట్టుకుని దిగారు. పులిహోర, గారెలు, సేమ్యా పాయసం. వకుళ మంచి ముడి వేసుకుని, దాని చుట్టూ మల్లెపూలు పెట్టుకుంది. పానకాలరావు గారినీ ఇమ్మానుయేలు గారినీ భోజనానికి నేనే పిలిచాను. పాయసం తింటే ఏమైనా కరుగుతారేమోనని నా ఆశ. పానకాలరావు గారు రెండుసార్లు వేయించుకున్నారు, సీలు చెక్కుచెదరకుండా ఉందని చూసి సంతోషించారు, కరగలేదు.

చెల్లెళ్లు పాట పెట్టమని ఒకటే గొడవ. వద్దంటే పుట్టినరోజు పూట బాగుండదు. ఆదిలక్ష్మి గారికి ఫోన్ చేసి మృదంగానికి అనుమతి తీసుకుని పెట్టాను. మృదంగం మొదలైంది. తాళాలు వచ్చాయి. తరవాత మధ్యమధ్యలో స్, స్ అని ఎవరో గదిలోంచి పిల్లిని తోలుతున్నట్టు వినపడింది. అది వకుళ. అందులో నా వాటాకి వచ్చిన వకుళ అంతే. చెల్లెళ్లు ఎంతో శ్రద్ధగా కూర్చుని విన్నారు. పెద్ద చెల్లెలు కాసేపటికి వకుళ చెయ్యి పట్టుకుని, చాలా బాగుందక్కా, నువ్వెప్పుడు మొదలుపెడతావు అంది.

నాకు తల ఎత్తుకోవాలంటే సిగ్గేసింది. ఒకే యాంప్లిఫయర్ ఉన్నప్పుడు ఈ ఇంట్లో అందరి గొంతూ వినపడేది. మా ఆవిడ గొంతు కోసమని రెండోది తెచ్చి, ఆవిడ గొంతునే బయటికి పంపాను.

పాట ఆపేశాను. వకుళ లేచి, కొంగు నడుముకి దోపుకుని పానకాలరావు గారి ముందు నిలబడింది.

“అన్నయ్యగారూ, ఆ సీలు ముట్టుకోకూడదు, అంతేగా?”

“అంతేనమ్మా.”

“విడిపోయినవాళ్లు మళ్లీ కలిసి ఉంటామంటే మీ సంఘం ఏమంటుంది?”

ఆయన ఆలోచనలో పడ్డారు. విభజనకి నియమాలున్నాయి, వీలునామాకి ఉన్నాయి, విక్రయానికి ఉన్నాయి, ఇష్టపడి కలిసిపోవడానికి ఏ నియమమూ తట్టలేదు. ఇమ్మానుయేలు గారి వైపు చూశారు. అలాంటి కేసు నా సర్వీసులో రాలేదండి అన్నారు ఇమ్మానుయేలు గారు. అది వాళ్ల ఇష్టం అవుతుందని అధ్యక్షులు ఒప్పుకున్నారు, కాకపోతే హద్దురాళ్లు సంఘం స్వాధీనంలో ఉన్నాయని గుర్తుచేశారు.

“ఉంచుకోండి,” అంది వకుళ.

కొత్త యాంప్లిఫయర్ వైర్లు పీకించింది. సీలు వేసిన డబ్బాని సీలుతో సహా పక్కకి జరిపించి, పాత యాంప్లిఫయర్‌ని తిన్నగా కలపమంది. కలిపాను. ఇప్పుడు స్పీకరులో పైభాగానికీ కిందిభాగానికీ మధ్య రేకులు లేవు. వకుళ చేతులు వెనక్కి పెట్టి, ముడిలో గుచ్చిన నల్ల పిన్నులు ఒక్కొక్కటే లాగింది. నాలుగు. ముడి వీపు మీదికి జారింది, మల్లెపూలు సగం కింద పడ్డాయి. పిన్నుల చివర నల్లరంగు చాకుతో గీకి, ఒక్కొక్కటీ పై మర నుంచి కింది మరకి వేసి బిగించమని నా చేతికిచ్చింది.

నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో కూడా నా నోట్లోంచి తలపిన్నుతో ధ్వని స్వచ్ఛత దెబ్బతింటుందని గ్రూపులో చెప్పారన్న మాట వచ్చింది. వకుళ నావైపు చూసింది. నేను బిగించాను.

పాట మొదటినుంచి పెట్టాను. మృదంగం, తాళం, వాటి మధ్యలోంచి ఒక అమ్మాయి గొంతు వచ్చింది. భయపడుతూ మొదలుపెట్టి, పల్లవి రెండోసారి వచ్చేసరికి భయం మర్చిపోయింది. ఆ అమ్మాయి నాకు తెలియదు. నాకు పరిచయమయ్యేనాటికి ఆవిడ కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగే మనిషి అయిపోయింది. సోఫాలో ఎవరూ వచ్చి కూర్చోలేదు, ఇస్త్రీ బట్టలే ఉన్నాయి. కానీ వకుళ గోడకి ఆనుకుని, జుట్టు విరబోసుకుని, నోటి మీద చెయ్యి పెట్టుకుని వింటోంది. చిన్న చెల్లెలు ఏడ్చేసింది. పాట అయ్యాక వకుళ, రెండో చరణంలో శ్రుతి కొంచెం జారింది అంది. అంతే అంది గాని ఆ మొహం నేను ఇంతకుముందు చూసి ఉంటే నాలుగు బదిలీలు వద్దనేవాణ్ణి.

పానకాలరావు గారు కదలకుండా కూర్చున్నారు. మళ్లీ ఒకసారి పెట్టమన్నారు, పరిశీలన నిమిత్తం. పెట్టాను. రెండోసారి అయ్యాక గొంతు సవరించుకుని, సదరు గొంతు పోరంబోకులోనే ఉందని, అందులో అనుమానం లేదని చెప్పారు. అయితే ఎన్నో ఏళ్లుగా అక్కడే కాపురం ఉంటున్నట్టు కనబడుతోంది గనక ఉన్నపళంగా ఖాళీ చేయించడం ధర్మం కాదన్నారు. అనుభవం కొనసాగుతోందో లేదో అధికారులు ఎప్పటికప్పుడు స్వయంగా చూసి నిర్ధారించుకోవాలట.

అప్పటినుంచి ప్రతి ఆదివారం టిఫిన్ల వేళకి తనిఖీ జరుగుతోంది. పానకాలరావు గారు, ఇమ్మానుయేలు గారు, అనుభవదారు హోదాలో ఆదిలక్ష్మి గారు వస్తారు. నాలుగు పిన్నులనీ కొత్త హద్దురాళ్లుగా గుర్తించి వాటి మీద కూడా లక్క వేశారు. వకుళ ముడికి వేరే పిన్నులు కొనుక్కుంది. రెండో యాంప్లిఫయర్ మీద మా ఇంట్లో ఇప్పుడు పూలకుండీ ఉంది.

మొన్న ఆదివారం రెండో చరణం వచ్చేసరికి వకుళ వంటింట్లో అట్లు పోస్తోంది. ఆ శ్రుతి జారేచోటు దగ్గరికి రాగానే, చేతిలో అట్లకాడతోనే గుమ్మంలోకి వచ్చి, స్పీకర్లో అమ్మాయితో కలిసి పాడింది. అమ్మాయి జారింది, వకుళ జారలేదు. అక్కడ ఆగకుండా పాట చివరిదాకా పాడింది. అట్టు మాడిన వాసన వస్తున్నా ఎవరూ లేవలేదు.

పాట ముగిశాక పానకాలరావు గారు మెల్లగా కళ్లు తెరిచారు. ఒకసారి స్పీకర్ల వైపు, ఒకసారి గుమ్మం వైపు చూసి, ఇమ్మానుయేలు గారి వైపు వంగారు.

“ఆక్రమణ పెరిగిందండి. ఇక వారానికి రెండుసార్లు రావాలి.”